సంతృప్తికరంగా పూర్తయింది

కోడలు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తట్టేసరికి, ఆ వేళకి ఇంకా గాఢనిద్రలో ఉండాల్సిన మొగుడే వచ్చి గడియ తీశాడు. బనీను ఒంటికి అతుక్కుపోయి ఉంది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. భుజం మీద తడి తువ్వాలు, చేతిలో పాత క్యాలెండరు అట్ట. దాంతో విసురుకుంటూనే వచ్చి తలుపు తీశాడన్నమాట.

“అప్పుడే లేచారేంటి?” అంది కోడలు చెప్పులు విప్పుతూ.

“పడుకుంటేగా లేవడానికి” అన్నాడతను.

లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. “దాన్ని కాస్త కూర్చోనివ్వరా. వచ్చీ రాగానే మొదలుపెట్టకు.” అక్కడితో ఊరుకుంటే ఆవిడ అత్తగారెందుకవుతుంది? ఆ వెంటనే తనే అందుకుంది. “ఏం చెప్పమంటావే అమ్మాయ్. పొద్దున ఆ సర్వీసు మనిషి ఉన్నంతసేపూ ఏసీ మంచులా పనిచేసింది. అతను అటు మెట్లు దిగాడో లేదో, ఇటు చల్లదనం తగ్గుతూ వచ్చింది. మధ్యాహ్నానికల్లా అంతా వేడిగాలి. నీ మొగుడు మంచం మీద దొర్లీ దొర్లీ దుప్పటి చింపేలా ఉన్నాడు.”

కోడలు సంచీ కూడా దించకుండా పడకగదిలోకి వెళ్ళి ఏసీ కింద చెయ్యి చాపింది. జ్వరం వచ్చినవాళ్ళు ఊపిరి వదిలినట్టు గాలి తగిలింది. అసలు ఆ యంత్రానికి వచ్చిన రోగం పెద్దదేమీ కాదు. చల్లగానే ఉండేది, కాకపోతే గడగడమని చప్పుడు చేసేది. ఆ చప్పుడు పోగొట్టమని పిలిస్తే, వచ్చినవాడు చప్పుడుతో పాటు చల్లదనాన్ని కూడా పట్టుకుపోయాడు.

“కోడ్ చెప్పేశారా అత్తయ్యా?”

అత్తగారు చూపు పక్కకి తిప్పుకుంది. “అడిగాడు మరి. ‘అమ్మా, మీ ఫోనుకొచ్చిన నంబరు చెబితే వెళ్ళిపోతాను, ఇంకా బోలెడు ఇళ్ళున్నాయి’ అన్నాడు. పాపం చొక్కా అంతా చెమట. గది చల్లగానే ఉంది కదా అని చెప్పేశాను. తప్పా?”

ఈ కోడ్ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఏసీ పాడైందని కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళు మన ఫోనుకి ఒక నంబరు పంపుతారు. వచ్చిన సర్వీసు మనిషి పని ముగించుకుని ఆ నంబరు మనల్ని అడిగి తన ఫోన్లో కొట్టుకుంటాడు. కొట్టగానే మన కంప్లైంటు మీద ‘సంతృప్తికరంగా పూర్తయింది’ అని పడిపోతుంది. ఇక ఆ తర్వాత ఏసీ నిప్పులు కక్కినా కంపెనీ దృష్టిలో మనం సంతృప్తిగానే ఉన్నట్టు లెక్క.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆ కంపెనీలో, ఆ ఫోన్లు ఎత్తే గదిలో, కిటికీ పక్క సీటు మన కోడలిదే. హెడ్‌ఫోను తగిలించుకుని ‘కోడ్ చెప్పేయండి సార్, చెబితేనే రికార్డవుతుంది’ అని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఊరందరికీ నచ్చజెప్పేది ఆవిడే. ఇప్పుడు అత్తగారిని తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది?

“తప్పేం లేదులెండి” అంది.

మొగుడు అప్పటికే స్నానం చేసి చొక్కా తొడుక్కుంటున్నాడు. అతనిది అచ్చాఫీసులో రాత్రి పని. అచ్చయిన కాగితాలని పుస్తకం కొలతకి కోసే పాత మెషిన్ ఒకటుంది అక్కడ. కాగితాల కట్టని కింద పెట్టి, అరచేత్తో తట్టి అంచులన్నీ సమానం చేసి, చెయ్యి వెనక్కి తీసి, కాలితో పెడలు నొక్కాలి. నొక్కగానే మనిషి పొడుగు బ్లేడు దిగుతుంది. తట్టడం, తీయడం, నొక్కడం. ఆ వరస తప్పకూడదు. పగలు కంటినిండా నిద్రపోయినవాడికి అది ఊపిరి పీల్చుకోవడమంత తేలిక. వాళ్ళది ఆఖరి అంతస్తు. పైన ఎండకి కాలే కప్పు తప్ప మరేమీ లేదు. అందుకే ఆ ఇంట్లో ఒక్క గదికే అయినా ఏసీ పెట్టించుకున్నారు. మిగతా గదుల్లో పగలు గోడ మీద చెయ్యి వెయ్యలేం.

“ఈ రాత్రికి సెలవు పెట్టకూడదూ?” అంది కోడలు.

“బడి పుస్తకాలు. బళ్ళు తెరిచేలోగా వెళ్ళిపోవాలి. నేను లేకపోతే ఆ మెషిన్ ముట్టేవాడు లేడక్కడ.”

“నిద్ర లేకుండా...”

“ఒక్క రోజుకేమవుతుంది” అని అతను మెట్లు దిగిపోయాడు.

ఏమవుతుందో కోడలు మనసులో కూడా పూర్తిగా అనుకోలేకపోయింది. 

మర్నాడు పొద్దున అతను వచ్చాక ఏమయిందో తెలిసింది. టీ గ్లాసు ఇస్తే కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమచెయ్యి తువ్వాలు మడతలో పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి చూస్తోంది, అతను టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని తిప్పుకుంటూ తాగుతాడు.

“చెయ్యి చూపించండి.”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే చూపించడానికేం?”

తువ్వాలు తీశాడు. బొటనవేలి గోరు కొస, గీత గీసి కోసినట్టు, సగానికి లేదు. చర్మం మీద చిన్న గీత కూడా లేదు. గోరు మాత్రం పోయింది. ఇంకో వెంట్రుకవాసి లోపలికి ఉంటే ఏం పోయేదో ముగ్గురికీ తెలుసు.

“ఎలాగూ గోరు పెరిగింది, మెషినే కత్తిరించి పెట్టింది” అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు. “కట్ట తడుతూనే ఒక్క క్షణం కళ్ళు మూతపడ్డాయి. కాలు పెడలు మీద పడిపోయింది.”

అత్తగారు అక్కడి నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపు గిన్నెల చప్పుడు గట్టిగా వినిపించింది. ఆవిడ ఏడవడం ఎవరూ చూడకూడదు.

“ఇవాళ ఎలాగైనా మనిషిని పంపిస్తాను” అంది కోడలు.

“ఫోన్లో అందరికీ చెప్పేదేగా ఆ మాట” అన్నాడతను. కోపంతో అనలేదు, అలసిపోయి అన్నాడు. అయినా ఆ మాట సూదిలా గుచ్చుకుంది. ఎందుకంటే నిజానికి అందరికీ ఆ మాట కూడా చెప్పడానికి వీల్లేదు వాళ్ళకి. ‘ప్రయత్నిస్తారండి’ అనే చెప్పాలి.

సొంతవాళ్ళ కంప్లైంటు ఆఫీసువాళ్ళు రాసుకోకూడదని నియమం. అందరిలాగే ఫోన్ చెయ్యాలి. “నేను వెళ్ళిన కాసేపటికి మీరు ఫోన్ చెయ్యండి అత్తయ్యా. ఎవరో ఒకరు ఎత్తుతారు. మర్యాదగా మాట్లాడతారు, భయపడకండి” అని చెప్పి కోడలు బస్సెక్కింది.

“భయమా, నాకా” అంది అత్తగారు మూసుకున్న తలుపుతో.

ఊళ్ళోవాళ్ళ ఏసీల బాధలు వినే ఆ గదిలో మాత్రం ఏసీకి ఎప్పుడూ ఏ రోగమూ రాదు. అందరూ కుర్చీలకి స్వెట్టర్లు తగిలించుకుంటారు. వరసగా సీట్లు, సీటుకో తెర, తెరకో మనిషి. ఎదురుగోడ మీద పెద్ద బోర్డు. తీరిపోయిన కంప్లైంట్లు దాని మీద పచ్చగా, తీరనివీ ఎత్తని ఫోన్లూ ఎర్రగా వెలుగుతాయి. ఆ బోర్డుని కళ్ళల్లో పెట్టుకుని కాపాడే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకి అసలు పేరు ఉన్నా, వెనకాల అందరూ స్కోరుబాబు అనే అంటారు. వరసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ ఉంటాడు. ఎక్కడైనా ఒక ఎరుపు కనిపిస్తే ఆయన మొహం కూడా ఆ రంగుకే తిరుగుతుంది.

ఆ రోజు కోడలు సీట్లో కూర్చుందే గానీ మనసంతా ఆ గోరు దగ్గరే ఉంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు, తను జవాబిస్తోంది. ఏ ఫోను ఏ సీటుకి వెళ్తుందో ఎవరి చేతిలోనూ లేదు. అన్ని సీట్లలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు. వెళ్ళి వెళ్ళి అది కిటికీ పక్క సీటుకే వచ్చింది.

“నమస్కారం. మా సేవా కేంద్రానికి స్వాగతం. మీకు నేనెలా సహాయపడగలను?”

అవతలి నుంచి మెల్లగా, “అమ్మాయ్, నువ్వేనా?”

స్కోరుబాబు సరిగ్గా వెనక వరసలో ఉన్నాడు. 

“మీ కంప్లైంటు వివరాలు చెప్పండి అమ్మగారూ.”

“అమ్మగారేంటే కొత్తగా? ఫోన్ చెయ్యమని నువ్వే కదా చెప్పి వెళ్ళావు.”

“మన సంభాషణ రికార్డవుతోందండి” అంది కోడలు ఒక్కో మాటా నొక్కి.

అత్తగారికి ఒక మాట రెండుసార్లు చెప్పక్కర్లేదు. ఇట్టే పట్టేసింది. గొంతు సవరించుకుని, తెలియనివాళ్ళతో మాట్లాడే గొంతు ఒకటి తెచ్చిపెట్టుకుంది. “అలాగేనండి. మాకో ఏసీ ఉందండి. నిన్న మీ మనిషి వచ్చి బాగుచేశాడండి. బాగుచేసిన దగ్గర్నుంచీ పాడైందండి.”

పక్క సీటావిడ అయితే ఈ మాటకి నవ్వేసేది. కోడలికి నవ్వు రాలేదు. తెర మీద తన ఇంటి చిరునామా, దాని పక్కన పచ్చటి అక్షరాలు. వాటిని చదవాలి. చదవడమే ఉద్యోగం.

“మీ కంప్లైంటు నిన్ననే సంతృప్తికరంగా పూర్తయిందని ఉందండి.”

“ఎవరికండి సంతృప్తి?”

దీనికి జవాబు వాళ్ళకి నేర్పిన మాటల్లో లేదు. “మీరు కోడ్ ఇచ్చారు కాబట్టి అలా నమోదవుతుందండి. కావాలంటే కొత్త కంప్లైంటు తీసుకుంటాను. వరసలో వస్తారు. వారం దాకా పట్టొచ్చు.”

“వారమా.” తెచ్చిపెట్టుకున్న గొంతు అక్కడితో జారిపోయింది. “వారం దాకా వాడి చేతులుంటాయా? ముందుగదిలో తడిగుడ్డ పరుచుకుని నేల మీద పడుకున్నాడు. ఇంతవరకు రెప్ప వాల్చలేదు. రాత్రికి మళ్ళీ వెళ్తాడట. పొద్దున నువ్వు చూశావుగా...” ఆవిడ ఆగి, సర్దుకుంది. “మీరు చూడలేదు లెండి. మా కోడలు చూసింది. ఆవిడ ఉద్యోగస్తురాలండి. ఎలాగైనా మనిషిని పంపిస్తానని వాడికి మాటిచ్చి వెళ్ళింది. మాట తప్పే పిల్ల కాదండి మా కోడలు.”

ఇన్నేళ్ళలో కోడలు ఎన్ని వందలమందికి ఈ పచ్చటి అక్షరాలు చదివి వినిపించిందో, వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఇలా తడిగుడ్డ మీద ఎవరు దొర్లుతున్నారో, ఎప్పుడూ అనుకోలేదు. అనుకుంటే ఆ సీట్లో కూర్చోలేకపోయేది, అందుకే అనుకోలేదు. ఇప్పుడు మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

తెర మీద కుడిపక్క మూలలో చిన్న గడి ఒకటుంది. ‘తిరిగి తెరువు’ అని ఉంటుంది దాని మీద. పూర్తయిందన్న కంప్లైంటు నిజంగా పూర్తి కాకపోతే దాన్ని నొక్కొచ్చు. నొక్కితే ఒక్క రోజులోగా మనిషి వెళ్ళి తీరాలి. కానీ నొక్కగానే బోర్డు మీద ఒక పచ్చ చెరిగిపోయి ఎరుపు పడుతుంది. ఉద్యోగంలో చేరిన రోజునే స్కోరుబాబు దాన్ని వేలు పెట్టి చూపించాడు. “ఇది ఉంది, కానీ వాడం” అన్నాడు. ఎందుకు వాడరని ఎవరూ అడగలేదు.

కోడలు నొక్కింది.

“రేపటిలోగా మనిషి వస్తారండి” అంది. ప్రయత్నిస్తారండి అనలేదు.

“చల్లటి మాట చెప్పావమ్మా” అని అత్తగారు ఫోన్ పెట్టేసింది.

ఊపిరి పీల్చుకునే లోపే తర్వాతి ఫోను వచ్చింది. ఎవరో ఆవిడ. వెనక పసిపాప ఏడుపు వినిపిస్తోంది. మొన్న బాగుచేసి వెళ్ళారట, నిన్నటి నుంచి వేడిగాలే వస్తోందట. తెర మీద చూస్తే మళ్ళీ అవే పచ్చటి అక్షరాలు. కోడలు అలవాటుగా చదవబోయి ఆగింది. అత్తగారిది తెరిచి, ఈ పసిపాప తల్లిది తెరవకపోతే తనని ఏమనాలి? ఇంట్లోవాళ్ళ కోసం దొంగతనం చేసినట్టు కాదూ?

“ఒక్కసారి ఏసీ దగ్గరకి వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. నేను లైన్లోనే ఉంటాను” అంది.

ఇలా ఫోన్ పట్టుకుని ఊరికే కూర్చోవడం కూడా అక్కడ నేరమే. అయినా కూర్చుంది. అవతల అడుగుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. “వేడిగా ఉందండి” అంది ఆవిడ. కోడలు మూల గడి నొక్కింది.

ఇక ఆ రోజంతా అదే వరస. చెయ్యి పెట్టి చూడమనేది. చల్లగా ఉందంటే సంతోషమనేది, లేదంటే నొక్కేది. ఒకాయన చల్లగానే ఉందని నిజం ఒప్పుకుని, రిమోటు పనిచేయక ఫోన్ చేశానన్నాడు. ఒక ముసలాయన మాత్రం, “చెయ్యి పెట్టి చూడమని ఇన్నాళ్ళకి అడిగారమ్మా” అని చాలాసేపు ఫోన్ పెట్టలేదు. పక్క సీటావిడ ఇదంతా ఓరకంట చూస్తూనే ఉంది. చివరికి హెడ్‌ఫోను ఒక చెవి మీద నుంచి జరిపి గుసగుసగా అడిగింది.

“నీకు ఉద్యోగం మీద ఆశ లేదా?”

“ఉంది.”

“మరి ఇదేం పని? బోర్డు చూశావా?”

బోర్డు మీద ఒక మూల ఎర్రగా అలుముకుంటోంది. కోడలు ధైర్యవంతురాలేం కాదు. బస్సులో చిల్లర అడగడానికే మొహమాటపడే మనిషి. కాకపోతే ఆ రోజు ఆ గడి నొక్కడం కంటే నొక్కకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

స్కోరుబాబు రానే వచ్చాడు. కిటికీ పక్క సీటు వెనక నిలబడి, తెర మీద జాబితాని పై నుంచి కిందకి, కింద నుంచి పైకి చూశాడు. పైన ఆగాడు.

“ఈ మొదటిది మీ ఇల్లే కదూ?”

చుట్టుపక్కల సీట్లలో మాటలు సన్నగిల్లాయి.

“అవునండి. మాట్లాడింది మా అత్తగారు.”

“అంటే ఇంటి పని ఆఫీసు లైన్లో చక్కబెట్టుకున్నారు.”

“అదొక్కటే తెరిచి ఊరుకుని ఉంటే మీరన్నది నిజమే అయ్యేదండి” అంది కోడలు. “అందుకే మిగతావాళ్ళవీ తెరిచాను.”

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. స్కోరుబాబుకి ఒళ్ళు మండింది. “లేవండి. కస్టమరుతో ఎలా మాట్లాడాలో చూపిస్తాను. అందరూ వినండి” అని ఆ కుర్చీలో తనే కూర్చుని, ఆ మొదటి కంప్లైంటుని మళ్ళీ పచ్చలోకి మార్చి, పాఠం నలుగురికీ వినపడాలని స్పీకరు కూడా పెట్టాడు. ఇక్కడే ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. ఒకే రోజు ఒకే నంబరు నుంచి మళ్ళీ ఫోన్ వస్తే, మొదట మాట్లాడిన సీటుకే వెళ్ళేలా ఏర్పాటు చేసింది ఆయనే.

“నమస్కారం. మా సేవా కేంద్రానికి స్వాగతం...”

“పొద్దున మాట్లాడిన అమ్మాయి ఏదండీ?” అంది స్పీకరులోంచి అత్తగారు.

కోడలు కళ్ళు మూసుకుంది.

“నేను ఆమె పై అధికారినమ్మా. చెప్పండి.”

“అలాగా, మంచిదైంది. మనిషి ఇంకా రాలేదు, ఎప్పుడొస్తాడో కనుక్కుందామని చేశాను. మా వాడు పనికి బయల్దేరే వేళవుతోంది.”

స్కోరుబాబు వరస వైపు ఒకసారి తిరిగి, చూడండి అన్నట్టు కనుబొమలు ఎగరేసి, చదివాడు. “మీ కంప్లైంటు నిన్ననే సంతృప్తికరంగా పూర్తయిందని ఉందమ్మా.”

“ఆ ముక్క ఆ అమ్మాయి కూడా చదివింది బాబూ. కాకపోతే చదివాక సిగ్గుపడింది. నాకు ఫోన్లోనే తెలిసింది. మీకెలా ఉంది?”

స్కోరుబాబు నీళ్ళు నమిలాడు. “మాకు కొన్ని పద్ధతులుంటాయమ్మా. కోడ్ మీరే ఇచ్చారు.”

“ఇచ్చాను. చల్లగా ఉందని ఇచ్చాను. ఇప్పుడు వేడిగా ఉంది, నా కోడ్ నాకు తిరిగి ఇచ్చేయండి.”

“అలా కుదరదమ్మా.”

“అయితే నేను ఫోన్ పెట్టను. మాకన్నా ముందు ఫోన్ పెట్టకూడదని మీకు నియమం ఉందట కదా. కూర్చుందాం. నాకేం తొందర లేదు, వంట అయిపోయింది.”

అలాగే కూర్చున్నారు. నిజంగానే. అవతల ఆవిడ కూనిరాగం తీస్తూ బట్టలు మడతపెడుతున్నట్టు తెలుస్తోంది. ఇవతల స్కోరుబాబు కుర్చీలో ఇటు కదిలి అటు కదిలాడు. ఎత్తడానికి మనిషి లేక ఎదురుచూసే ఫోన్ల వరస తెర మీద పెరిగిపోతోంది. ఆయన ప్రాణప్రదమైన బోర్డు మీద కొత్త ఎరుపులు పడుతున్నాయి. పక్క సీటావిడ నోటికి స్వెట్టరు అడ్డం పెట్టుకుంది. చివరికి ఆయన చెమట తుడుచుకున్నాడు. ఆ చలిగదిలో చెమట తుడుచుకున్న మొదటి మనిషి ఆయనే అయుంటాడు.

“సరేనమ్మా. మళ్ళీ తెరిచాను. రేపు మనిషి వస్తాడు. ఇక పెట్టండి.”

“రికార్డయింది కదా?” అని అడిగి మరీ పెట్టేసింది అత్తగారు.

స్కోరుబాబు లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. “రేపు పొద్దున పెద్దమేడమ్ గదికి రండి” అన్నాడు కోడలితో, నెమ్మదిగా. 

ఆ రాత్రి మొగుడు మెషిన్ ముట్టనని, కట్టలు కట్టే పని మాత్రమే చేస్తానని ఒట్టేసి వెళ్ళాడు. పొద్దున వచ్చి ఇంకో మాట చెప్పాడు. ఒక్క రాత్రికే ఒప్పుకున్నారట. ఇవాళ కూడా కొయ్యకపోతే ఇక రావద్దన్నారట. “నా సంగతి సరే. నా మూలంగా నీ ఉద్యోగం కూడా పోతే ఎలా?” అన్నాడు. కోడలు అతని చేతులు రెండూ ఒకసారి పట్టుకుని వదిలేసి బస్సుకి వెళ్ళిపోయింది.

స్కోరుబాబుకి కూడా పై అధికారి పెద్దమేడమ్. ముక్కు మీద కళ్ళజోడు, దాని పై నుంచి చూపు. స్కోరుబాబు అప్పటికే ఒక పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

“ఎన్ని తెరిచారో తెలుసా?” అంది పెద్దమేడమ్.

“లెక్కపెట్టలేదండి.”

“నేను లెక్కపెట్టాను. వాటిల్లో సగానికి పైగా ఇళ్ళకి నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున మనుషులు వెళ్ళారు. ఒక్కటంటే ఒక్కటి కూడా ఊరికే తెరిచింది లేదు. అన్నిచోట్లా నిజంగానే పాడై ఉన్నాయి. అన్నిచోట్లా మనవాళ్ళు బాగుచేసి వచ్చాకే పాడయ్యాయి.” ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఒక్కొక్కడికి రోజుకి అన్నేసి ఇళ్ళు అప్పగిస్తే బిగించాల్సినవి బిగిస్తాడా? వాళ్ళ మీద అరిచి లాభం లేదు.”

“బోర్డు మాత్రం ఈ నెలంతా పచ్చగానే ఉంది మేడమ్, నిన్నటిదాకా” అన్నాడు స్కోరుబాబు.

“అది పచ్చగా ఉండబట్టే నాకు ఏదీ తెలియలేదు” అంది పెద్దమేడమ్.

తర్వాత కోడలి వైపు తిరిగింది. “మీ ఇంటిది మీరు తెరవడం తప్పు. ఇంకోసారి అలాంటిది వస్తే పక్క సీటుకి ఇవ్వండి.”

“అలాగేనండి.”

“మిగతాది ఇవాళ్టి నుంచి ప్రతి సీటూ చెయ్యాలి. చెయ్యి పెట్టి చూశారా అని అడగాలి. చల్లగా లేదంటే ఎవర్నీ అడగకుండా తెరవాలి. గది చల్లబడి, అలాగే నిలిచిందని కస్టమరు అన్నాకే సర్వీసువాళ్ళు కోడ్ అడగాలి. ఇళ్ళు కూడా తగ్గిస్తున్నాను. ఎలా అడగాలో అందరికీ మీరు చూపించండి.” స్కోరుబాబు వైపు చెయ్యి చూపింది. “ఈయనకి కూడా.”

కోడలు ఎలా బయటికొచ్చిందో తనకే తెలియదు. సీట్లో కూర్చుంటే పక్క సీటావిడ, “తీసేశారా?” అంది భయంగా. కోడలు అడ్డంగా తల ఊపింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మధ్యాహ్నానికల్లా గది నిండా అదే మాట వినిపిస్తోంది. ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి, నేను లైన్లోనే ఉంటాను. ముందు వరసలోంచి ఒకటి, వెనక వరసలోంచి ఒకటి. తన నోటి మాట అంతమంది నోట వింటుంటే కోడలికి ఒళ్ళు పులకరించింది. గర్వపడింది. పడితే తప్పేముంది? గోడ మీద బోర్డు ఎర్రటి ఎరుపు. దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. తట్టబోతే లోపలి నుంచి అత్తగారి వేలు ముందు కనిపించింది, పెదాల మీద నిలువుగా. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రమ్మని సైగ చేసింది. వంటింట్లో ముక్కాలి పీట మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర పనిముట్ల సంచీ, చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

“ఆ సర్వీసు మనిషి” అంది అత్తగారు చెవి దగ్గర. “పొద్దున మీ ఆయన వచ్చి పడుకోబోతుండగానే వచ్చాడు. సబ్బు నురగ కలిపి పైపు చివర పూశాడే. బుడగ లేచింది చూడు. ఆ చివర మూత సరిగ్గా బిగించలేదట మొన్న. చల్లదనం ఇచ్చే గ్యాసంతా దాంట్లోంచే పోయిందట. బిగించి, గ్యాసు నింపాడు. మంచు కురుస్తోంది లోపల.”

“ఆ రోజు బిగించానో లేదో నాకే గుర్తులేదు మేడమ్” అన్నాడతను, గుసగుసగానే. “తర్వాతి ఇంటివాళ్ళు అప్పటికే మూడుసార్లు ఫోన్ చేశారు. పరిగెత్తాను.”

“మరి ఇంకా ఇక్కడే ఉన్నారేం?”

“మధ్యలో వెళ్ళి మిగతా ఇళ్ళు చూసుకుని, కోడ్ కోసం మళ్ళీ వచ్చాను. అమ్మగారు ఇవ్వడం లేదు.”

కోడలు అత్తగారి వైపు చూసింది.

“ఈసారి ఆ కోడ్ నేనివ్వను. పడుకున్నవాడు ఇవ్వాలి” అంది అత్తగారు. “నిద్ర సరిపోయిందో లేదో నాకేం తెలుసు? వాడు లేచి చెప్పాలి.”

“మేడమ్, మీరైనా చెప్పండి” అన్నాడతను. 

కోడ్ చెప్పేయండి, చెబితేనే రికార్డవుతుంది. ఆ మాట నాలుక కొసన సిద్ధంగా ఉంటుంది కోడలికి, ఏళ్ళ తరబడి అలవాటు. ఆవిడ తన గ్లాసులో కూడా నీళ్ళు పోసుకుని గోడకి ఆనుకుంది. “మా ఆయన్నే అడగాలండి” అంది. “ఇక్కడ అసలు కస్టమరు ఆయనే.”

అతను ఆవిడ మొహం చూసి, ఇక లాభం లేదనుకుని నవ్వేశాడు. “సరే. ఇవాళ నాకు ఇదే ఆఖరి ఇల్లు.”

ముగ్గురూ అలా చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. లోపల గదిలోంచి గురక వస్తోంది. లోతుగా, తీరిగ్గా, ఎవరికీ భయపడని గురక. రెండు రోజుల బట్టి ఆ ఇంట్లో ఆ చప్పుడు లేదు. కోడలు దాన్ని వింటూ కళ్ళు తుడుచుకుంది. అత్తగారు చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

కాసేపటికి గురక ఆగింది. తలుపు తెరుచుకుంది. చల్లగాలి వంటింటి దాకా కొట్టింది. జుట్టంతా రేగి, చెంప మీద దిండు గీతలతో, మెడ దాకా దుప్పటి కప్పుకుని మొగుడు గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళాన్నీ, తల్లినీ, పీట మీది మనిషినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు.

“ఏంటందరూ ఇలా కూర్చున్నారు?”

“నువ్వు లేవాలని ఎదురుచూస్తున్నాంరా” అంది అత్తగారు. “నిద్ర సరిపోయిందా? ఈయనకి కోడ్ చెప్పాలి.”

అతను ఆవులించాడు. గోడ గడియారం వైపు చూశాడు. కిటికీలో ఇంకా వెలుతురుంది, పనికి బయల్దేరడానికి చాలా టైముంది. ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి తల గోక్కున్నాడు.

“ఇంకాస్త పడుకుంటాను” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సర్వీసు మనిషి గ్లాసు కింద పెట్టి, పీట గోడ వైపుకి జరుపుకుని, మళ్ళీ కూర్చున్నాడు.